కొండ పలకలేదు

నాన్నగారూ,

ఈవేళ మీ సంవత్సరీకం. భోజనాలయ్యేసరికి మన కొత్తపేట ఇల్లు వెతుక్కుంటూ ఒకాయన వచ్చాడు. మీరు ఇరవై ఏళ్లు బడి చెప్పిన కొండ ఊరి సోమిరెడ్డి. ఆ ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగాక అందరినీ మైదానంలో కాలనీకి చేర్చారు.

"తలుపు తీస్తే ఎదురింటి తలుపేనమ్మా. ఊరెలా పుట్టిందని పిల్లలడుగుతున్నారు. చెప్పే ముసలోళ్లు పోయారు. మాస్టారు రాసుకున్నారు గదా, చదివి పెట్టమ్మా" అన్నాడు.

ఆ నోటుబుక్కులు చదివి వినిపించమని నేనెన్నిసార్లు అడిగాను! "ఇక్కడ కాదమ్మా" అనేసి పేపరు అందుకునేవారు. మీ మొండితనానికి నాకు ఒళ్లు మండేది.

మొదటి పేజీ తీయగానే సోమిరెడ్డి చెయ్యి అడ్డుపెట్టాడు. ముందు కేకేసి కొండను పిలవాలట. కొండ తిరిగి పలికితేనే ఊరి కథ మొదలుపెట్టాలట. పెరట్లోకి వెళ్లి కొండ ఎటుందని అడిగాడు. ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఉత్తరం వైపు చూపించాను. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని గట్టిగా కేకేశాడు. ఆగి విన్నాడు. మళ్లీ కేకేశాడు.

గోడ అవతల నుంచి పక్కింటి పిన్నిగారు పలికారు.

"ఆయ్, ఎవరు కావాలండీ?"

సోమిరెడ్డి లోపలికొచ్చి పుస్తకం మూసేశాడు. "కాలనీలోనూ రోజూ పిలుస్తున్నానమ్మా" అన్నాడు. ఇస్తానన్నా తీసుకెళ్లలేదు.

బీరువాలో పెడుతుంటే మా అమ్మాయి వచ్చి, తాతగారు ఏం రాశారో చదవమంది.

"ఇక్కడ కాదమ్మా" అన్నాను.