హాస్టల్ గది గొళ్ళెం

నాన్నా,

నేను బాగున్నాను, వేళకి తింటున్నాను. అమ్మ నమ్మకపోతే ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

నిన్న మా బడి పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని కాలేజీ చూపించడానికి తీసుకెళ్ళాను. వాళ్ళ ఇళ్ళల్లో ఇంతవరకూ కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. నేను ఫారాలనీ స్కాలర్‌షిప్పులనీ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను. ఇస్త్రీ పనిచేసే ఒకావిడ మాత్రం అవేవీ వినకుండా హాస్టల్ గది తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. "గట్టిదే. మా పిల్లని పంపుతాను టీచరమ్మా" అంది.

నన్ను హాస్టల్లో దింపిన రోజు నువ్వూ అంతే కదా! వార్డెన్ మాట్లాడుతుంటే నీ వడ్రంగం సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి గొళ్ళెం బిగించావు. నాకు సిగ్గేసి, నువ్వు వెళ్ళేటప్పుడు కూడా నీవైపు చూడలేదు.

నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ కళ్ళజోడు మార్పించావా? చెల్లిని కాలేజీ ఫారం నాకు చూపించకుండా పంపొద్దను, దానికన్నీ తొందరే. దానికి నా దీవెనలు.

ఇక్కడ నా అద్దె గది గొళ్ళెం వదులైంది. ఇంటాయన మనిషిని పంపుతానన్నాడు. వద్దు, మా నాన్న వస్తాడని చెప్పాను. సంచి మర్చిపోకు.

నీ పెద్దది