డోలు పగిలిన వారం

బూర్గంపాడు మండలం,
మార్చి 12, 2025.

చిరంజీవి తమ్ముడు సతీష్‌కు,

అక్క శ్యామల ఆశీస్సులు. అమ్మ, నాన్న, నేను తింటూ తిరుగుతూనే ఉన్నాం కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. ఖానాపురం హవేలిలో, నీ కిరాయి గదిలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఫోన్ చేయవచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను సగం మాట అనేలోపే నీకు కోపం వస్తుంది. కాగితం మీదైతే చివరిదాకా వినక తప్పదు.

నువ్వు అడగమన్నది ఒక్కటే. వేల్పుల పండుగకు గిటారు, డ్రమ్ములు, సౌండు పెట్టెలతో నీ బృందాన్ని తెస్తే నాన్నకు ఇష్టమేనా అని. ఆయన సరే అంటేనే వస్తానని, లేదంటే ఇక ఈ ఊళ్లో పాడనే పాడనని అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అదే ఆలోచన.

నాన్నను అడిగాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వెనక నుంచి అడిగాను. తల కూడా తిప్పలేదు. మర్నాడు తల వంచుకుని డోలుకు తాళ్లు బిగిస్తుంటే మళ్లీ అడిగాను. చేతిలో పని ఆపలేదు. అమ్మేమో, "నువ్వు ఊకో బిడ్డా, ఆయన మనసు ఇరిగింది" అంది. నాకూ అదే అనిపించింది. కల్లూరులో నీ కొత్త పాటలకు జనం సగంలోనే లేచి వెళ్లిపోయారనీ, ఎవరో పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి కరెంటు తీగ పీకేయమన్నాడనీ ఇక్కడిదాకా కబురు వచ్చింది మరి. తునికాకు కట్టలు కడుతూ నువ్వు అల్లిన పాటకు మొట్టమొదట వంత పాడింది నేనేరా. ఇప్పుడు ఆ వంత ఉన్న చోట గిటారు అరుస్తోంది. నాకు నచ్చలేదు, బాధగా కూడా ఉంది. దాచడం ఎందుకు?

అసలు కంగారు అది కాదు. మొన్న సోమవారం డోలు పగిలింది.

పండుగకు ముందు వేల్పుల గుడి దగ్గర డోలు కాచి చూస్తారు కదా. నాన్న ఎప్పటిలాగే సెగకు పట్టి, వేలితో కొడుతూ, కాస్త కాస్త తిప్పుతూ కూర్చున్నాడు. మోత కంగుమనగానే చటుక్కున సెగ మీంచి తీసేస్తాడు, మనం చిన్నప్పటి నుంచి చూసిన పనే. ఆరోజు కంగుమంది. నాకు వినపడింది, అక్కడున్న అందరికీ వినపడింది. నాన్న తీయలేదు. ఇంకా కాచాడు. చర్మం నిలువునా చీలింది.

ఊరి పటేల్ ప్రభాకర్ మామ అక్కడికక్కడే తేల్చేశాడు. "గీ పోరడు పెట్టెలు తెస్తనన్నడు, వేల్పు గిట్ల చూపించింది. పెట్టెలొస్తే మేం పండుగకు రాం" అన్నాడు. నాన్న పగిలిన డోలు ఒళ్లో పెట్టుకుని ఎవరి ముఖమూ చూడకుండా ఉండిపోయాడు. నిజంగానే వేల్పుకు కోపం వచ్చిందేమోనని నాకూ భయంగానే ఉంది.

కాబట్టి ఈ ఏడాదికి రావద్దు తమ్ముడూ. వస్తే ఊరు నిన్ను తిడుతుంది, నాన్న తల దించుకుంటాడు. రాకపోతే నువ్వు మరెప్పుడూ రావేమోనని నా భయం. రెండింటి మధ్యా నలిగిపోతున్నాను. కోపం తెచ్చుకోకు. వేళకు తిను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
శ్యామల

తా.క. అంటించిన కవరు చించి, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. డోలుకు కొత్త చర్మం కోసం నాన్న కూడా మన ఊరి కోటేష్ ఆటోలో నాతో బయల్దేరాడు. కోటేష్ వెనక సీటుకు ఆనించి పెద్ద సౌండు పెట్టె పెట్టించాడు. అందులో నీ కొత్త పాటే వేశాడు, సీటంతా అదిరేలా. కాసేపటికి నాన్న వేళ్లు మోకాలి మీద ఆడటం మొదలుపెట్టాయి. వేల్పుల దరువు, ఒక్క దెబ్బ తప్పలేదు. "గిది మన దరువే కదనే, ఎవలు కొడుతుండ్రు?" అని అడిగాడు. మన సతీష్ వాళ్లే అన్నాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన నా పెదాల వంకే చూస్తున్నాడు. నాకు అనుమానం వచ్చింది. పాట ఆగాక, ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు గట్టిగా పిలిచాను. పలకలేదు.

నాన్నకు వినపడటం లేదు సతీష్. ఆటోలో దరువు పట్టుకుంది సీటు అదురుతోనే. ఆటో దిగాక ఎదురుగా నిలబడి అడిగితే ఏడ్చాడు. "చెప్తే డోలు గుంజుకుంటరు బిడ్డా" అన్నాడు. మోత వినపడకే ఆరోజు డోలు సెగ మీంచి తీయలేదు. నీ మాట నేను అడిగింది కూడా ఆయనకు చేరనే లేదు. ఇప్పుడు మళ్లీ అడిగాను. "జల్దీ రమ్మను" అన్నాడు.

పైన రావద్దని రాసింది కొట్టేశాననుకో. రేపు నాన్నను దవాఖానాకు తీసుకెళ్తాను. ప్రభాకర్ మామకు ఏమని చెప్పాలో, చెప్పాక నాన్న చేతిలో డోలు ఉంచుతారో లేదో తెలియదు. నువ్వు మాత్రం రా. వంత దగ్గర గిటారు కాస్త తగ్గిస్తే నేనూ గొంతు కలుపుతాను. పెట్టెల్లో అన్నిటికంటే పెద్దదాన్ని స్టాండు ఎక్కించకు. నాన్న కూర్చునే చోటు పక్కనే, నేల మీద పెట్టించు.