మా ఇంటి బుటాలు

బెంగళూరు
జూన్

ప్రియమైన చంద్రిక వదినకు,

ఫోను చేస్తే అమ్మ స్పీకరు పెట్టమంటుంది, ఇల్లంతా వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరు ధర్మవరం చేరాక మన శశి పాప అన్నం తిన్నదా? ఇక్కడ డాక్టరమ్మ గబగబా చెప్పింది. నువ్వు తల ఊపుతూ ఉన్నావు గానీ నీకు ఏమీ వినిపించడం లేదని నాకు తెలిసింది. మళ్ళీ నిదానంగా రాస్తాను. శశి కుడికంటి నుంచి మెదడులోకి పోయే నరం మీద గడ్డ ఉంది. ఇది మెల్లగా పెరిగే రకం. కోసి తీయరు. వారానికొకసారి మందు ఎక్కిస్తారు, ఏడాదికి పైగా. ఈ గడ్డ వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతికి పెద్దవాళ్ళవుతారు, వదినా. ఈ వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకో. కుడికంటి చూపు ఎంత నిలుస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఇంకొక మాట. డాక్టరమ్మ శశి గౌను ఎత్తి, "ఈ గోధుమరంగు మచ్చలు ఎప్పటినుంచి?" అని అడిగినప్పుడు అన్న ఏమన్నాడో గుర్తుందా? "మచ్చలు కాదు మేడమ్, బుటాలు, చీర మీద పువ్వుల మాదిరి! మా వంశంలో పుట్టినోళ్లకు ఉంటాయి. మా అమ్మ బుటాలు ఎంచి చూసినాకనే బిడ్డకు తొలి స్నానం" అని చొక్కా పైకెత్తి తనవీ చూపించాడు. నేనూ నవ్వుతూ, "నాకు ఒక్కటీ లేదు మేడమ్, ఇంట్లో నన్ను సాదా చీర అంటారు" అన్నాను. బుటాలు లేని చేయి మగ్గానికి పనికిరాదని నన్ను బడికి తోలారని కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. మీ ముగ్గురి రక్తం తీయమంది.

నేను ఆ ఆస్పత్రిలో చేసే పనే అది. వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, మీ వంశంలో ఎవరికి ఏ జబ్బు ఉండేదని అడిగి, కాగితం మీద చెట్టు గీస్తాను. ఎందరి ఇళ్ళ చెట్లో గీశాను. మా ఇంటి బుటాలను మాత్రం బుటాలుగానే చూశాను.

ఫలితం రానీ. అంతవరకూ అమ్మ ఏమన్నా మనసులో పెట్టుకోకు.

నీ ఆడబిడ్డ,
హేమ

*

గోరంట్ల
జూలై

ప్రియమైన హేమకు,

చంద్రిక రాసేది. పైన ఊరిపేరు చూసి నీకు అర్థమయ్యే ఉంటుంది. నన్ను పుట్టింటికి పంపించారు. ఫోను శశి బొమ్మలు చూసుకుంటుందని అక్కడే పెట్టుకున్నారు. ఇక్కడ ఫోను మా తమ్ముడి జేబులో ఉంటుంది, వాడు నన్ను మాట్లాడనిస్తాడు గానీ పక్కనుంచి కదలడు.

తొలిసారి మందు ఎక్కించి తెచ్చినాక శశి రాత్రంతా వాంతులు చేసుకుంది. పొద్దున అత్త నా ఎదురుగా కూర్చుని అడిగింది. "శశి కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తి పట్టినావా లేదా? నిజం చెప్పు."

అబద్ధం ఆడలేకపోయాను. "ఒక ఉల్లిగడ్డ కోసినా అత్తా. ఆయప్ప మగ్గం దిగి ఆకలని వచ్చినాడు" అన్నాను.

"ఉల్లిగడ్డ కాదే నువ్వు కోసింది, నా మనవరాలి కన్ను" అనింది.

మీ అన్న మగ్గం ఆపలేదు. ఆ చప్పుడులో వినపడలేదేమో అనుకుందామనుకున్నా. వినపడింది. నా పెట్టె బస్టాండుకు మోసింది ఆయనే.

"నీ నీడ పడకుంటే మందన్నా పని చేస్తాదేమో. బిడ్డ బాగైనాక చూద్దాం" అని అత్త చెప్పింది. ఏడాది మందు కదా హేమా. ఏడాది నా బిడ్డను చూడకుండా ఎట్లా ఉండేది?

నువ్వు చదువుకున్నదానివి. నన్ను ఓదార్చడానికి కాకుండా చెప్పు. ఆ ఉల్లిగడ్డ వల్లేనా?

నీ వదిన,
చంద్రిక

*

బెంగళూరు
జూలై

ప్రియమైన వదినా,

కాదు. ఉల్లిగడ్డ వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు, నీ నీడ వల్ల కాదు. ఇది ఓదార్పు కాదు. ఫలితం వచ్చింది, నా కళ్ళతో చదివాను.

నీకు అర్థమయ్యేలా మగ్గం మాటల్లోనే చెబుతాను. జకార్డు అట్టల మీద రంధ్రాలు ఉంటాయి కదా, వాటిని బట్టే అంచులో నెమలి పడాలా, మామిడిపిందె పడాలా అని మగ్గానికి తెలుస్తుంది. మన ఒంట్లోనూ అలాంటి అట్టల కట్టలు రెండు ఉంటాయి, అమ్మవైపుది ఒకటి, నాయనవైపుది ఒకటి. ఒక అట్టలో ఒక రంధ్రం తప్పుగా పడింది. ఆ అట్ట పని, ఒంట్లో కణాలు అతిగా పెరగకుండా ఆపడం. అది సరిగా ఆపకపోతే చర్మం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, మెడమీద మెత్తని కాయలు వస్తాయి, కొందరు పిల్లలకు కంటినరం మీద గడ్డ వస్తుంది. అందరికీ అన్నీ రావు. ఒకే ఇంట్లో ఒకరికి మచ్చలతోనే పోతుంది, ఒకరికి గడ్డ దాకా వస్తుంది. ఎందుకో డాక్టర్లకు కూడా పూర్తిగా తెలియదు.

నీ రక్తంలో ఆ తప్పు లేదు. అన్న రక్తంలో ఉంది. మా నాయన నుంచి వచ్చింది. నాయన వీపంతా బుటాలే కదా, మెడమీది కాయలు పటంలో నువ్వూ చూశావు. తప్పు ఉన్నవాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ అది రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. అన్నకు వచ్చింది. నాకు రాలేదు. ఎవరూ ఎంచుకున్నది కాదు.

వదినా, మొన్న శశి మందుకు వచ్చినప్పుడు నర్సు చేయి పట్టుకోగానే పిడికిలి బిగించి విప్పలేదు. "అమ్మ వస్తేనే" అన్నది. మా అమ్మ బతిమాలింది, అన్న కోప్పడ్డాడు. చివరికి నలుగురు పట్టుకుని సూది వేయాల్సి వచ్చింది. నేను వచ్చే ఆదివారం ధర్మవరం పోయి ఇదంతా చెప్పేస్తాను. మరుసటి మందుకు శశి నీ ఒళ్ళో ఉండాలి.

నీ
హేమ

*

గోరంట్ల
ఆగస్టు

ప్రియమైన హేమకు,

నీ ఉత్తరం పట్టుకుని పెరట్లో కూర్చుని ఏడ్చాను. మా అమ్మ బయటికి వచ్చి, "ఏమైందే, బిడ్డకేమన్నా అయిందా?" అని అరిచింది. "ఏం కాలేదు, ఉల్లిగడ్డ కాదంట" అన్నాను. నాకు మతి పోయిందని ఆమెకు అనిపించింది.

అయినా హేమా, నువ్వు చెప్పొద్దు.

బాగా ఆలోచించే రాస్తున్నా. మీ అన్నకు ఆ బుటాలంటే ఎంత గొప్పో నీకు తెలుసు. శశి పుట్టినప్పుడు వీథంతా పిలిచి చూపించాడు. తన బిడ్డకు గడ్డ ఇచ్చింది తానే అని ఆయనకు తెలిస్తే ఇంక మగ్గంలో కాలు పెడతాడా? అత్త ఇరవై ఏండ్లుగా మీ నాయన పటానికి పువ్వు పెట్టని రోజు లేదు. ఆయప్ప నుంచే వచ్చిందని ఆమెకెట్లా చెప్తావు? నా మీద ఉంటే ఉండనీ. నేను మోస్తా, అలవాటైంది. ఏదో ఒక సాకు చెప్పి నన్ను శశి దగ్గరికి చేర్చు, చాలు. దోషం తీరిందని పూజారి చేత అనిపించినా సరే.

నా మీద ఒట్టు.

నీ వదిన,
చంద్రిక

*

ధర్మవరం
ఆగస్టు

ప్రియమైన వదినా,

నీ మాట దాటాను. పూజారి చేత అబద్ధం ఆడించి నిన్ను తెచ్చుకుంటే, రేపు శశికి జ్వరం వచ్చినా మళ్ళీ నీ పెట్టె బస్టాండుకే పోతుంది. అందుకే చెప్పేశాను. ఎట్లా జరిగిందో జరిగినట్టే రాస్తాను.

అన్నను మగ్గం దిగమన్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, నీకు రాసినట్టే అట్టల కట్ట చూపించి చెప్పాను. అన్న చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. "అయితే నేనేనా?" అన్నాడు. "నువ్వు చేసింది కాదన్నా, నీకూ వచ్చిందే" అన్నాను. లోపలికి పోయి నిద్రపోతున్న శశి పక్కన పడుకున్నాడు.

అమ్మ నన్నే చూస్తోంది. ఆమె కుప్పకూలుతుందని భయపడి చేయి పట్టుకోబోయాను. విదిలించుకుంది.

"అంటే ఇది ఈ ఇంట్లో నేను రాకముందు నుంచే ఉండాదా?"

"ఉందమ్మా."

"కోడండ్లు తెచ్చేది కాదా?"

"కాదు."

"బాగా తెలుసుకొని చెప్పు హేమా. నువ్వు సదువుకున్నదానివి."

"రక్తంలో చూశారమ్మా. కాదు."

అప్పుడు చెప్పింది, వదినా. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినని మాట.

"మీ నాయనకు చెల్లెలుండె, తిమ్మక్క అని. ఆరేండ్ల పిల్ల. నేను కాపురానికొచ్చిన ఏడాదే గడపలకు తగులుకుంటా నడిచేది. ఒక కన్ను పాయె, మళ్ళా రెండో కన్ను. నా కాలు మంచిది కాదన్నారు. నన్ను మా ఊరికి తోలేసినారు. ఆ పిల్ల సచ్చిపోయినాకనే పిలుచుకొచ్చినారు. నా ఎనక తిరిగే పిల్ల, హేమా, నా చేతి ముద్దలే తినేది. నేనే మింగినానేమో అనుకుంటానే బతికినా, ఇన్నేండ్లూ."

నేను కాగితం తీసి, ఆస్పత్రిలో గీసినట్టే మా ఇంటి చెట్టు వేసి, అందులో మా నాయన పక్కన తిమ్మక్కను గీశాను. అమ్మ ఆ గీతను చాలాసేపు చూసింది. నాయన మీద కోపం వస్తుందేమో అనుకున్నాను. "పాపం, ఆయప్పకూ తెల్దు" అన్నది, అంతే.

తర్వాత లేచి ముఖం కడుక్కుని చీర మార్చుకుంది. "యాడికమ్మా?" అన్నాను.

"గోరంట్లకు."

"నేనూ వస్తా."

"నువ్వెందుకు? తోలింది నేను."

"పోయి ఏం చెప్తావు?"

చెప్పులు వేసుకుంటూ ఆగింది. "నాకు నోరు రాదు. నువ్వే రాసియ్యి" అన్నది. అందుకే ఈ ఉత్తరం గడప దగ్గర నిలబడి రాస్తున్నాను. అమ్మ బస్సు పోతుందని తిడుతోంది. ఇందులో తిమ్మక్క సంగతి రాశానని చెప్పాను. రాయమన్నది.

వదినా, ఇది చదివేటప్పుడు ఆమె నీ ఎదురుగానే ఉంటుంది. ఆమెకు అక్షరాలు రావు కనుక నీ ముఖాన్నే చదువుతూ ఉంటుంది. ఇక్కడిదాకా వచ్చావంటే ఇంక కాగితం పక్కన పెట్టి తలెత్తు.

మీ ఇద్దరి
హేమ