అట్ట బదులు అధ్యక్షుడు

యూసుఫ్ భాయ్,

మీ మర్వానా దీవుల మొదటి అధ్యక్షుడు జైల్లో చనిపోయాడని ఇవాళ రేడియోలో చెప్పారు. నువ్వెక్కడున్నావో, అసలు ఉన్నావో లేదో తెలియదు. అయినా నీకే ముందు చెప్పాలనిపించింది.

తిరుగుబాటు గెలిచి ఆయన గద్దెనెక్కిన రోజు, నువ్వు రైసూత్ రేవులో డ్యూటీ దిగి నేరుగా సలాలాలోని మా ఫ్రేముల షాపుకొచ్చావు. దళసరి కాగితం మీద అచ్చేసిన ఆయన ఫోటోకు ఫ్రేము కట్టించి, మా గోడకే తగిలించావు. తర్వాత సైన్యం ఆయన్ను దించేసింది. మీ ఊరికి బయల్దేరుతూ నన్ను ఒక్కటే అడిగావు.

"మహబూబ్ భాయ్, నేనొచ్చేదాకా దీన్ని తియ్యకు."

వారం తిరక్కుండానే రేవులోని మీవాళ్లు కొత్త పాలకుడి ఫోటో తెచ్చి, గోడకు ఇది పెట్టమన్నారు. నేను వెంటనే నీ ఫ్రేము విప్పాను. వానల తేమకు వెనక అట్ట ఉబ్బిపోయి ఉంది. కొత్తది కోయడానికి బద్ధకమేసి, మీ అధ్యక్షుణ్ణే అట్ట బదులు వెనక పెట్టి మేకులు కొట్టేశాను.

ఇవాళ ఆ మనుషులే కళ్లు తుడుచుకుంటూ వచ్చి, పాత ఫోటో ఉందా అని అడిగారు. మేకులు పీకి తీస్తే చెక్కుచెదరకుండా ఉంది. వాళ్లలో పెద్దాయన నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"ఇన్నేళ్లూ దాచావా బేటా? మాకు లేని ధైర్యం నీకుంది."

అట్ట సంగతి నేను చెప్పలేదు. అందరికంటే ముందు నాకే టీ ఇచ్చారు. తాగాను, భాయ్.

మహబూబ్