కాకులదిబ్బ సబ్ సెంటరులో పలకని డాప్లర్

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,
కాకులదిబ్బ కాపురస్థురాలు, బి.యస్సీ. చదివి ఖాళీగా ఉన్న కొపనాతి రమ్యశ్రీ వ్రాసుకొను అర్జీ.

విషయం: గర్భములోని శిశువు గుండె చప్పుడు వినిపించు డాప్లర్ మిషను మా ఊరిలో పనిచేయకుండుట, మా వదినకు ఎనిమిదో నెల దాటియుండుట గురించి.

అయ్యా,

1. మా ఊరు గోదావరి సముద్రములో కలియు చోట నాలుగువైపులా నీరు గల దిబ్బ. మేము వేట మీద బ్రతుకువారము. పడవ దింపుట, వల వేయుట, పెండ్లివారు బయలుదేరుట సమస్తమూ నీటిని బట్టియే. నీరు ఎగదన్నితే పోటు, వెనక్కి తీస్తే పాటు. కడుపులో బిడ్డ సైతము పోటుకు కదిలి పాటుకు పడుకొనునని మా పెద్దల నమ్మకము.

2. నిరుడు మా వదిన సాయిదుర్గకు నెలలు నిండినవి. ఒకనాడు వల బాగుచేయుచూ "రమ్యా, పొద్దున్నుంచి కదల్లేదే" అన్నది. చేపలు తోముతున్న మా నానమ్మ పెద్దింట్లమ్మ తల ఎత్తకుండానే, "గోదారి పాటు మీదుంది కదే పిల్లా. పోటొత్తే అదే కదులుద్ది. నీ మొగుడి పోలికే వచ్చినట్టుంది, బద్ధకం!" అన్నది. అందరమూ నవ్వితిమి. వదిన కూడా నవ్వినది. పోటు వచ్చినది. బిడ్డ కదలలేదు. నీరు తీసి, మరల పోటు వచ్చినది. అప్పుడు సబ్ సెంటరుకు పోతిమి.

3. నర్సు జ్ఞానమ్మ గారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆమె డాప్లర్ వదిన పొట్ట మీద పెట్టినారు. గరగర తప్ప ఏమీ లేదు. "ఇది అందరికీ ఇంతేనమ్మా, లోపల వైరు తెగింది. దీన్ని నమ్మి బిడ్డ ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. అవతలొడ్డుకి పోండి" అన్నారు. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో స్కానింగు డాక్టరమ్మ తెరను మాకు కనబడకుండా తన వైపు తిప్పుకొన్నది. ఇంతకంటే వ్రాయలేను. పోయినది ఆడపిల్ల.

4. "కదలిక తగ్గగానే రావాలమ్మా, దేనికోసం ఆగారు?" అని డాక్టరమ్మ అడిగినది. ఆనాటి నుండి మా ఇంట్లో నానమ్మ పోటు మాట ఎత్తదు.

5. మిషను కోసం లోగడ అర్జీలు పెట్టియుంటిని. స్టాకులో ఒకటి ఉన్నందున ఇంకొకటి మంజూరు కాదని జవాబు. రాజమండ్రి రిపేరుకు పంపగా "పరీక్షించడమైనది" అను చీటీతో తిరిగి వచ్చినది. "అది పూర్తిగా చచ్చిందని ఇంజనీరు రాస్తేగాని కొత్తది రాదమ్మా. గరగరమంటోంది కాబట్టి బతికున్నట్టే లెక్క" అన్నారు జ్ఞానమ్మ గారు. చెవి పెట్టి వినే పాత గొట్టము ఒకటి ఉండేదట. డాప్లర్ వచ్చిన నాడే దానిని వాపసు తీసుకొన్నారట. తర్వాత కంప్యూటరు గొంతు ఒకటి ఫోను చేసి, "మీ సమస్య పరిష్కారమైనది. తృప్తి చెందితే ఒకటి, చెందకపోతే రెండు నొక్కండి" అన్నది. రెండు నొక్కితిని. ధన్యవాదములు చెప్పి పెట్టేసినది.

6. ప్రస్తుతము మరల కడుపుతోనున్న వదిన చెయ్యి పొట్ట మీద నుండి తీయదు. కుడిచేత్తో అన్నం కలుపుతున్నా ఎడమచెయ్యి అక్కడే. "నువ్వు చదువుకున్నావు కదే, చెవి పెట్టి చెప్పు" అంటుంది. అయ్యా, నేను చదివినది ఆక్వాకల్చర్. రొయ్యకు జబ్బు చేస్తే చెప్పగలను. అయినా చెవి పెడతాను. నాకు వినబడేది నా చెవిలో నా నెత్తురు చప్పుడే. "వినబడుతోంది వదినా" అంటాను. ఆమె నా ముఖములోకి చూసి, చెయ్యి మరల పొట్ట మీదనే పెట్టుకొనును.

7. అవతలి ఒడ్డుకు కావలసినప్పుడల్లా పోలేము. నీరు తీసినప్పుడు పడవ ఇసుక మేటకు తగులుకొనును. కావున పలికే మిషను ఒకటి, అది కుదరనిచో ఆ పాత గొట్టమైనా ఇప్పించవలెను. ఇస్తారని నాకు నమ్మకము లేదు. వ్రాయక ఊరకుండుట చేతకాక వ్రాయుచున్నాను.

తమకు తీరిక చిక్కినప్పుడు కాక, మాకు అవసరమున్నప్పుడే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కొపనాతి రమ్యశ్రీ

తా.క.: సంతకం పెట్టాక వదిన పిలిచింది. కదలిక తగ్గిందట. "ఆగలేదే, తగ్గింది, అంతే" అని తనే నాకు ధైర్యం చెబుతోంది. నీరు తీసేసి ఉంది, పడవ ఇసుకలో కూర్చుంది. మా అన్నయ్య త్రిమూర్తులు, నానమ్మ మొలలోతు బురదలో దిగి నెడుతున్నారు. "ఇంకా ఏం రాత్తావే, వచ్చి చెయ్యెయ్యి!" అని నానమ్మ అరుస్తోంది. ఈ కాయితం జ్ఞానమ్మ గారి చేతిలో పెట్టి పోతున్నాను. మా సంగతి ఎలా అయిందని ఎంక్వయిరీకి ఎవరినీ పంపకండి. పక్కింటి సత్యకుమారికి ఐదో నెల. మిషను ఆ పిల్లకైనా అందేలా చూడండి.