అంగడి పక్కన ఆడవాళ్ల బల్లలు

అవ్వా,

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ మన సుల్తానాబాద్ వారపు అంగడి పక్క ఖాళీ జాగాలో నా కాలేజీ ప్రాజెక్టు పెట్టి చూశాను. ఆడవాళ్లు కూర్చోవడానికి, వీపు ఆనించుకునే బల్లలు. మోకాళ్లు నొచ్చి నువ్వు షాపు మెట్ల మీద కూర్చుంటే లేపేసేవాళ్లు కదా, అందుకని.

మునిసిపల్ సారు ఒక్క సాయంత్రానికే ఒప్పుకున్నాడు. "ఎవరన్న కూసుంటేనే నీ ఫైలు పై ఆఫీసర్లకు పంపిస్త" అన్నాడు. కూరగాయల సంచులు మోసుకుంటూ ఆడవాళ్లు బల్లల వంక చూసి, అవి తమకు కావన్నట్టు తప్పుకుని పోతున్నారు. సారు బండెక్కబోతుండగా బురఖాలో ఒక పెద్దావిడ ఆగింది.

"గీడ కూసుంటె ఎవరన్న ఏమన్న అంటరా బిడ్డా?"

"ఎవ్వరేమనరు. కూసో ఖాలా."

ఆమె సంచి దించి, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. సారు ఫోటో తీసుకుని, "సూద్దాం" అని వెళ్లిపోయాడు.

పొద్దు గూకుతుండగా బల్లలు తీసుకుపోయే ట్రాలీ వచ్చింది. ఖాలా మెల్లగా లేచింది.

"వచ్చే అంగడికి గూడ ఉంటయా బిడ్డా, గివి?"

"ఉంటయి ఖాలా" అనేశాను.

ఆమె తప్పకుండా వస్తుందవ్వా. సారు ఇంకా ఫోన్ చేయలేదు.