మొదటి పుల్ల

ప్రియమైన వదినకి,

భయపడకుండా విప్పు, ఈసారి కవర్లో నశ్యం పొయ్యలేదు. అన్నయ్య పోయి ఏడాదయ్యాక నాకు బుద్ధి పుట్టింది. సైకిల్ చక్రం సొంతంగా కట్టడం నేర్చుకుందామని రిమ్ము, నడిమి హబ్బు, ముప్పై ఆరు స్పోకు పుల్లలు కొన్నాను. ఆయన తన సైకిల్ కొట్లో నేర్పుతానన్నప్పుడల్లా జనం టైర్లలో గాలి తీసి పారిపోయినవాణ్ణి. ఈ గోదాము కాపలాలో నాకు తోడు కాటా ఒక్కటే, అదీ నా బరువు గురించే మాట్లాడుతుంది. ఆయన పక్కన కూర్చుని కట్టినదానివి, నువ్వే చెప్పాలి.

నీ కోతి

కోతికి,

అయినా పెరట్లోకెళ్లే విప్పాను. పుల్లలు పెట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య, నేర్పేదేముంది! హబ్బుకి అటూ ఇటూ రెండు చెంపలు, చెంపకి పద్దెనిమిది కన్నాలు. ఒకటి విడిచి ఒకటి వెయ్యి, రిమ్ములో నాలుగో కన్నానికొకటి. రెండో చెంపా అంతే. తర్వాత హబ్బు తిప్పి, మిగిలిన పుల్లల్ని, అడ్డొచ్చే రెండింటి మీదుగా, మూడోదాని కిందుగా ఎదురు లాగు. బిగింపు ఒక్కోసారి పావు చుట్టే. కొట్టు తలుపులు తియ్యడం మానేశాను. ఎవరొస్తారు?

వదిన

వదినా,

చక్రం అయింది! బొంగరంలా తిరుగుతోంది. కానీ గాలి గొట్టం సరిగ్గా రెండు పుల్లలు ఒకదాన్నొకటి దాటుకునే చోటికొచ్చింది, పంపు మూతి దూరదు. ఊరందరి గాలీ తీసిన పాపం! నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి పుల్ల ఎక్కడ వెయ్యాలో అందులో లేదు.

కోతి

ఒరే కోతీ,

కావాలనే రాయలేదు. "మొదటి పుల్ల గాలి గొట్టం కన్నం పక్కనే." మీ అన్నయ్య ఎవరికైనా ముందు చెప్పే మాట అదే. చెప్తే చక్రం అయిపోతుంది, ఉత్తరాలూ అయిపోతాయి. ఏడాదిగా ఈ గుమ్మానికొచ్చేది కరెంటు బిల్లే, అది నా జవాబు అడగదు. ఇన్నేళ్లూ అందర్నీ ఏడిపించావు, ఒక్కసారి నన్ను ఏడిపించనియ్యి. ముప్పై ఆరూ విప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ రాసి తిట్టు.

వదిన

వదినా,

విప్పి మళ్లీ కట్టాను. పంపు మూతి హాయిగా దూరింది. తిడదామని కూర్చుంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఆ మొదటి మాట నాకు పదేళ్లప్పుడే అన్నయ్య మొట్టికాయతో చెప్పాడు. నీ ఉత్తరంలో అది లేదని మొదటిసారే చూశాను. మరిచిపోయావనుకుని, కావాలనే తప్పు కట్టాను. సరిగ్గా కడితే నిన్ను అడగడానికి ఏముంటుంది?

వెనక చక్రం మాత్రం ఒట్టు, నిజంగా రాదు. ఒక పక్క పుల్లలు పొట్టివట కదా? నెమ్మదిగా చెప్పు. అంతా ఒక్క ఉత్తరంలో రాసెయ్యకు.

నీ కోతి